అర్థం కానట్టు

ఆ మేకకు గడ్డి తినడం తెలియదు.

ఎదురుగా లేత జొన్నచొప్ప వేసి ఉంది. మేక వాసన చూసింది. మూతితో అటూ ఇటూ తోసింది. ఆకలేసి అరిచింది కూడా. ఒక ఆకు అంచు నోట్లోకి పోయింది గాని, దాన్ని ఏం చేయాలో తోచనట్టు కాసేపు నిలబడి వదిలేసింది. పిల్ల కాదు, పెరిగిన మేక. కొమ్ములు కూడా వచ్చాయి.

"ఇదేం జబ్బు మేడం?" అన్నాడు యోనా.

"జబ్బు కాదండీ. మేం ఇచ్చిన మందు," అంది డాక్టర్ వకుళ. మేక దవడ పట్టి నోరు తెరిచి లోపలికి టార్చి కొట్టింది. "ముందు ఇటు చూడండి."

అందరికంటే ముందు అతని కూతురు తబిత వంగి చూసింది. ఆ పిల్లకు తొమ్మిదేళ్ళు. తన నోరు తను అద్దంలో ఎన్నోసార్లు చూసుకుంది కాబట్టి, ఎక్కడ చూడాలో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మేక అంగిలి ముందు పళ్ళ నుంచి గొంతు దాకా నున్నగా, గులాబి రంగులో ఉంది. చీలిక లేదు. కుట్టు గుర్తయినా లేదు.

"పుట్టినప్పుడు దీని అంగిలి కూడా నీ అంగిలిలాగే రెండుగా ఉండేది," అంది డాక్టర్ తబితతోనే. "కత్తి పెట్టలేదు. కుట్టు వెయ్యలేదు. రెండు వైపుల కండా తనంతట తానే పెరిగి కలుసుకుంది."

తబిత తల్లి రాహేలు వైపు తిరిగి చూసింది. పిల్ల మనసులో నిర్ణయం అప్పుడే అయిపోయిందని ఆ చూపుతోనే రాహేలుకు తెలిసింది.

తబిత పుట్టినప్పుడు నర్సు బిడ్డ మొహం చూడగానే "గ్రహణం మొర్రి" అంది. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. తర్వాత చిన్న టార్చి నోట్లోకి వేసి చూసి, "అంగిలి కూడా" అని నెమ్మదిగా చెప్పింది. పాలు పడితే ముక్కులోంచి వచ్చేవి. టంగుటూరులో రాహేలు పొగాకు గ్రేడింగు చేసే చోట ఆడవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో రకంగా అడిగారు. కడుపుతో ఉండి గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకున్నావా, బయట తిరిగావా అని. ఏ గ్రహణమో ఆమెకు గుర్తు లేదు. అయినా ఏళ్ళ తరబడి గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తూనే ఉంది.

పెదవి నెలల పిల్లగా ఉన్నప్పుడే కుట్టారు. అది చక్కగా అతికింది. అంగిలి మాత్రం అతకలేదు. ఏడాది నిండాక ఒకసారి, నాలుగేళ్ళప్పుడు ఒకసారి ఆపరేషన్ చేశారు. రెండుసార్లూ కుట్లు విడిపోయాయి. ఇక అక్కడ మిగిలిందంతా నెత్తురాడని మచ్చకండ అనీ, మూడోసారి కోసినా నిలవదనీ చెప్పేశారు. చిల్లు మూయడానికి పళ్ళసెట్టులాంటి బిళ్ళ ఒకటి చేసిచ్చారు గాని, పిల్ల పెరిగినకొద్దీ అది కదిలిపోయేది, చిగుళ్ళు ఒరుసుకునేది.

మొదట్లో మాటకు ఇబ్బంది ఉంటుందని వాళ్ళు అనుకోలేదు. తబిత 'అమ్మ' అన్నది, 'నాన్న' అన్నది, స్పష్టంగానే అన్నది. ఆ రెండూ ముక్కుతో పలికే మాటలని అప్పుడెవరికి తెలుసు? పెదవులు బిగించి, నాలుక ఆనించి, గాలిని నోట్లో ఒక్క క్షణం ఆపితే తప్ప 'ప' రాదు, 'త' రాదు, 'క' రాదు. తబిత నోట్లో గాలి ఆగదు. ముక్కులోంచి జారిపోతుంది. పాప అంటే 'మామ' అయ్యేది. బడి 'మని' అయ్యేది. పాస్టరుగారు పెట్టిన పేరులో మూడక్షరాలుంటే మూడూ ఆ పిల్ల పలకలేనివే. పేరు అడిగితే 'నమిన' అనేది.

కాని ఎంత మాటకారి! బడి నుంచి రాగానే మొదలుపెడితే అన్నం తినేటప్పుడూ ఆపేది కాదు. ఎవరు ఎవర్ని కొట్టారు, కుక్క ఎక్కడ ఈనింది, మేఘం ఏ ఆకారంలో ఉంది. బయటివాళ్ళకు అదంతా ముక్కులో మూలుగు. రాహేలుకు ఒక్క మాట పొల్లుపోయేది కాదు. అంగట్లో, బడిలో, చర్చిలో పిల్ల ఒక మాట అంటే తల్లి దాన్ని మళ్ళీ చెప్పేది. అలా చెప్పీ చెప్పీ ఆమె కూతురికి రెండో నోరయింది.

మేకల కొట్టం నుంచి లోపలికి వచ్చాక డాక్టర్ వకుళ వాళ్ళను కూర్చోబెట్టింది. మంగళగిరి దగ్గర కొండ వారగా కట్టిన చిన్న పరిశోధన కేంద్రం అది.

"తల్లి కడుపులో రెండో నెల దాటేటప్పుడు అంగిలి రెండు రెక్కలుగా ఉంటుంది. అవి లేచి, మధ్యకు వచ్చి, అతుక్కుంటాయి. కొందరిలో ఎందుకో ఆగిపోతాయి. ఎందుకో మాకు పూర్తిగా తెలియదు. గ్రహణం వల్ల మాత్రం కాదు," అంది. రాహేలు తల వంచుకుంది. "మా మందు పేరు ముకుళం. అది తగిలిన కండ మళ్ళీ ఆ రెండో నెలకు పోతుంది. అప్పుడు ఆగిపోయిన పని ఇప్పుడు పూర్తి చేస్తుంది."

"మరి ఆ మేక?" అన్నాడు యోనా.

"కండతో పాటు నోటి నరాలు కూడా వెనక్కి పోతాయి. నోరు నేర్చుకున్నదంతా పోతుంది. నమలడం, మింగడం, మాట. పాలు తాగే పిల్లలకు ఇచ్చాం, వాళ్ళకు పోగొట్టుకోవడానికి ఏముంది? వారంలో మళ్ళీ చప్పరించడం నేర్చుకున్నారు. ఇంత పెద్ద పిల్లకు ఎవరూ ఇవ్వలేదు. ఒక్కరికి ఇచ్చి చూడడానికి మాకు అనుమతి వచ్చింది."

"బుర్రకేమన్నా..." అంది రాహేలు.

"బుద్ధి పోదు. జ్ఞాపకాలు పోవు. మరిచిపోయేది నోరు ఒక్కటే. మళ్ళీ నేర్పించగలమనే నా నమ్మకం. నమ్మకమే, హామీ కాదు. ఇది ప్రాణం మీదకు వచ్చిన జబ్బు కాదు, ఇలాగే బతకొచ్చు. మీరు వద్దంటే నేనేమీ అనుకోను."

డాక్టర్ తబితను అడిగింది, "నువ్వేమంటావు?"

"నా మేరు నేనే ఎమ్మాలి," అంది తబిత.

డాక్టర్ అలవాటుగా తల్లివైపు చూసింది.

"తన పేరు తనే చెప్పుకోవాలంటంది," అంది రాహేలు.

తిరుగు దారిలో బండి యోనా తోలుతున్నాడు. పొగాకు బేళ్ళు వేలానికి తోలే ట్రాలీ ఆటో అతనిది. ఒంగోలు దాటాక పక్కకు ఆపాడు.

"పిల్ల మాట మనకు తెలిసిద్ది గదా. చాల్లేదా?"

"మనం పొయ్యాక?" అంది రాహేలు.

యోనా మళ్ళీ బండి తీశాడు. ఆ తర్వాత అతనూ వద్దనలేదు.

*

పిల్ల మొహానికి గాజుతొడుగు పెట్టి, నోటినిండా గోరువెచ్చటి ముకుళం నింపారు. ముక్కులోంచి సన్నటి గొట్టం కడుపులోకి, ఇంకొకటి ఊపిరి కోసం గొంతులోకి వేశారు. మత్తులో ఉంచారు. రాహేలు పక్కన కూర్చుని ఆ చిన్న చేతిని రుద్దుతూ ఉండేది. తొడుగు లోపల సూదిమొనంత కెమెరా ఉంది. దాని బొమ్మ గోడకున్న తెర మీద పడేది.

మొదట పాత మచ్చలు కరిగాయి. తెల్లటి కుట్టు గీతలు మంచులాగా పోయాయి. చీలిక ఇంకా పెద్దదయినట్టు కనిపించి రాహేలు భయపడింది. తర్వాత రెండు అంచులూ ఉబ్బాయి, లేత చిగురులా ఎర్రబడ్డాయి. రోజుకింత, రోజుకింత. ఒక ఉదయం హైమ వచ్చి ఆమె భుజం తట్టింది. అక్కడ మాటలు నేర్పే ఆవిడ హైమ. "అక్కా, చూడండి" అంది. రెండు అంచులూ ముందు వైపు ఒక్క చోట ఒకదానికొకటి తాకాయి. తన కడుపులో, తన కంటికి కనబడకుండా జరగాల్సింది, తొమ్మిదేళ్ళు ఆలస్యంగా కళ్ళముందే జరుగుతోంది. రాహేలు ప్రార్థన మొదలుపెట్టి, ఏమని అడగాలో తెలియక, మధ్యలో ఆపేసింది.

తొడుగూ ఊపిరి గొట్టమూ తీసిన రోజు తబిత కళ్ళు తెరిచింది. నోరు తెరిచే ఉంది. చొంగ కారుతోంది. దాన్ని మింగాలని ఆ పిల్లకు తెలియడం లేదు. ఉక్కిరిబిక్కిరయి దగ్గింది. హైమ పలక చేతికిచ్చింది. తబిత వంకర అక్షరాలతో రాసింది.

అమ్మా నా నోరు ఎక్కడుంది

రాహేలు కూతురి చెంపలు రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఇదుగోనమ్మా, ఇక్కడే ఉంది. బంగారం లాగుంది," అంది. పిల్లకు నమ్మకం కలగలేదు.

మింగడం వచ్చింది. చెంచాడు గంజితో మొదలయి, గుక్కెడు నీళ్ళ దాకా వచ్చింది. ముక్కులోని గొట్టం మాత్రం తీయలేదు. కడుపు నింపేది ఇంకా అదే. మాట దగ్గరికి వచ్చేసరికి బండి కదలలేదు. తబిత గొంతులోంచి రాగాలు తీసేది. 'ఊఁ' అనేది, 'నా' అనేది, అన్నీ ముక్కులోంచే. అంగిలి ఇప్పుడు గాలిని ఆపగలదు. ఆపాలని పిల్లకు అవసరం పడడం లేదు. ఏ రాగం తీసినా తల్లి లేచి అది తెచ్చిపెట్టేది.

డాక్టర్ వకుళ రాహేలును వరండాలోకి పిలిచింది.

"నరాలు ఎల్లకాలం ఇంత మెత్తగా ఉండవు. వానలు పడేనాటికి గట్టిపడతాయి. అప్పటికి ఏ పలుకు పడితే అదే జీవితాంతం. ఈ ముక్కు పలుకే నిలబడితే ఇక నేను చేయగలిగింది లేదు."

"నన్నేం చెయ్యమంటారు మేడం?"

"పలక తీసేస్తాం. ముక్కులోంచి వచ్చిన ఏ మాటకూ జవాబు ఇవ్వొద్దు. నోటితో స్పష్టంగా ఏదన్నా అంటే, అది ఏదైనా సరే, ఆ క్షణమే చెయ్యాలి. మిగతావన్నీ మీకు అర్థమైనా అర్థం కానట్టే ఉండాలి."

"అర్థం కానట్టా?"

"అవును."

"దానికి ముందే చెప్పి చేద్దాం."

"చెబితే నటన అని తెలిసిపోతుంది. పని చెయ్యదమ్మా."

రాహేలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

మర్నాడు ఎండ మండిపోతోంది. బల్ల మీద నీళ్ళ కూజా ఉంది. తబిత దానివైపు చూసి తల్లివైపు చూసి "నా... నా" అంది. దాహం అని. ఆ 'నా' చివర స్వరం కొంచెం పైకి లేస్తే దాహమని రాహేలుకు ఎప్పటి నుంచో తెలుసు.

"ఏందమ్మా?" అంది.

"నా!"

"నాకు తెలీట్లేదు తల్లీ. ఏంది?"

తబిత వేలు పెట్టి కూజాను చూపించింది. రాహేలు కిటికీలోంచి బయటికి చూసింది. పిల్ల మంచం దిగి వచ్చి ఆమె చెయ్యి పట్టి లాగింది. నోరు తెరిచి, చూపించి, మళ్ళీ అంది. రాహేలు తల అడ్డంగా ఊపింది. ఆ తల్లి నోటి నుంచి 'నాకు తెలీట్లేదు' అన్న మాట తబిత పుట్టిన తర్వాత ఎన్నడూ వినలేదు. ఆమె మొహంలోకి తేరిపార చూసింది. ఏదో పోయిన వస్తువు వెతుకుతున్నట్టు చూసింది. తర్వాత మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంది.

హైమ లోపలికి రాగానే రాహేలు బయటికి పరిగెత్తి, వరండా చివర వేపచెట్టు మొదట్లో కూలబడింది. డాక్టర్ వచ్చి పక్కన నిలుచుంది.

"గొట్టంలో నీళ్ళు వెళ్తున్నాయి. ఒంటికి ఏ ప్రమాదమూ లేదు," అంది.

"మీకు బిడ్డలున్నారా?"

"ఒక కొడుకు."

"వాడి విషయంలో చేసేవాళ్ళా ఇది?"

"చేయలేకపోయేదాన్నేమో," అంది డాక్టర్.

"మరి నా చేత ఎట్టా చేపిస్తన్నారమ్మా?"

"హైమను అడగదు. నన్ను అడగదు. మిమ్మల్నొక్కరినే అడుగుతుంది రాహేలూ. అడిగే చోటే మాట పుట్టాలి."

ఆ తర్వాత రోజులన్నీ అలాగే గడిచాయి. దువ్వెన, దుప్పటి, కిటికీ, ఒంటేలు. ప్రతిదానికీ రాహేలు మొహం రాయి చేసుకుంది. ఒంటేలుకు హైమే ముందుగా తీసుకుపోయేది. యోనా ఒకనాడు బేళ్ళ పని లేక వచ్చాడు. వస్తూ వస్తూ పాలకోవా తెచ్చాడు. మెత్తటిది మింగడం పిల్లకు వచ్చింది. తబిత ముక్కుతో "ఓనా" అని అడగడమే ఆలస్యం, పొట్లం విప్పి చేతిలో పెట్టబోయాడు. రాహేలు అడ్డం వచ్చి లాక్కుంది.

"అదేం అడిగిందో మనకు తెలీదు," అంది.

"తెలీకపోవడమేంది? కోవా అంటంది గదా!"

"తెలీదు మావా. మాట్లాడబాక."

"నువ్వు తల్లివేనా?" అన్నాడు యోనా.

తబిత ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నాన్నకు అర్థమైంది, అమ్మకు కాలేదు. ఇంకేం చూడాలి? గబగబా మంచం దిగింది. పొట్లం పట్టుకున్న తల్లిని రెండు చేతులతో పొట్ట మీద నెట్టింది. మొహం కందగడ్డ అయింది. పెదవులు బిగుసుకున్నాయి. వాటి వెనక గాలి ఆగింది. బుగ్గలు ఉబ్బాయి.

"పో!" అంది.

హైమ చేతిలో రాసుకుంటున్న కలం ఆగిపోయింది.

"పో!" అంది తబిత మళ్ళీ. తన నోట్లోంచి వచ్చిన చప్పుడుకు తనే ఉలిక్కిపడి, మళ్ళీ అంది. "పో! పో!"

స్పష్టంగా అన్నది ఏదైనా సరే, ఆ క్షణమే చెయ్యాలి. రాహేలు పొట్లం బల్ల మీద పెట్టి, గది దాటి, తలుపు చేరవేసి వెళ్ళిపోయింది. వరండాలో గోడకు ఆనుకుని నిలబడింది. లోపల హైమ చప్పట్లు వినబడుతున్నాయి. యోనా ఏడుస్తూ నవ్వుతున్నాడు. ఆమె మాత్రం లోపలికి పోలేదు. రమ్మని ఇంకా ఎవరూ అనలేదు.

'ప' వెనక 'బ' వచ్చింది, 'త' వచ్చింది. గొంతు లోతుల్లో పుట్టే 'క', 'గ'లు అన్నింటికంటే ఆలస్యంగా, పెనుగులాడి వచ్చాయి. ఒకనాటి మధ్యాహ్నం రాహేలు పిల్ల గౌన్లు ఉతుకుతుంటే, హైమ గదిలోంచి వినబడింది. "తబిత. తబిత. నా పేరు తబిత." ఆ మాట ఆ పిల్ల హైమతో అంటోంది. రాహేలు సబ్బు చేతులతో అలాగే విన్నది. తొలకరి చినుకులు పడకముందే వాళ్ళు టంగుటూరు వచ్చేశారు.

*

ఊరంతా విచిత్రంగా చెప్పుకుంది. బడిలో తబిత లేచి నిలబడి పాఠం చదివింది. చర్చిలో వాక్యం చెప్పింది, ఎవరూ తిరిగి చెప్పనక్కర్లేకపోయింది. పక్కింటి మార్తమ్మ, "దేవుడు నోరిచ్చాడు" అని బుగ్గలు పుణికింది.

ఇంట్లో మాత్రం పిల్ల మాటలు లెక్కగా వాడేది. "అమ్మా, అన్నం పెట్టు." "అమ్మా, బడికి పోతున్నా." ఒక్కో మాటా విడదీసి, నింపాదిగా, పరాయి ఊరి మనిషికి దారి చెప్పినట్టు చెప్పేది. కుక్క ఎక్కడ ఈనిందో చెప్పేది కాదు. మేఘాల సంగతి అసలే లేదు. అడిగితే, "ఏం లేదు" అనేది. యోనా ఆటో ఎక్కి అతనితో కబుర్లాడేది. రాహేలు వస్తే ఆపేది. ఆ మందు ఎక్కడో ఇంకేదో కూడా చెరిపేసిందేమోనని రాహేలు భయపడింది. పరీక్షకు తీసుకుపోయినప్పుడు డాక్టర్ను అడిగింది.

"నోరు బాగుంది. నరాలు గట్టిపడ్డాయి," అంది డాక్టర్. "మీరు తనకు చెప్పారా? అదంతా నటన అని?"

"లేదమ్మా. ఎట్టా చెప్పేది?"

"చెప్పాలి రాహేలూ. అది నేను చేయించిన తప్పు. కావాలంటే నేనే చెబుతాను."

"ఒద్దు. నేనే చెప్తా," అంది. కాని ఇంటికి వచ్చాక నోరు రాలేదు. అంత చేసినదాన్ని ఏ మాటతో మొదలుపెట్టాలో ఆమెకు తట్టలేదు.

చలికాలంలో ఒక సాయంత్రం ఫోను వచ్చింది. పాడేరు వైపు నుంచి ఒక తల్లి. ఆమె కొడుక్కి పదేళ్ళు. రేపో మాపో ముకుళం ఇవ్వబోతున్నారు. డాక్టరమ్మ మీ నంబరిచ్చింది, ఎట్టా ఉంటుందో చెప్పమని అడిగింది. రాహేలు పొయ్యి మీద ఎసరు పెట్టి, గడప మీద కూర్చుని, ఆ ముక్కూ మొహం తెలియని మనిషికి అన్నీ చెప్పుకొచ్చింది. చొంగ సంగతి, పలక సంగతి, మింగుడు సంగతి.

"అదంతా ఓర్చుకోవచ్చమ్మా," అంది. "అసలు కష్టం మాట కాడ. వాడు నీళ్ళడుగుతాడు, నీకు తెలిసిద్ది. తెలీనట్టు ఉండాల. కోవా అడుగుతాడు, తెలీనట్టు ఉండాల. నా బిడ్డ అడిగినయ్యన్నీ నాకు తెలిసినయ్. ఒక్కటి గూడా తెలీకుండా లేదు. బండరాయిలాగా కూర్చున్నా. నీ కొడుకు నిన్ను చూసే చూపుంటదే, దానికి మాత్రం సిద్ధంగా ఉండు తల్లీ..."

అలికిడయి తల తిప్పింది. తబిత వెనక నిలబడి ఉంది. బడిసంచి భుజాన అలాగే ఉంది.

రాహేలు ఫోను పెట్టేసింది.

"నీకు తెలుసా?" అంది తబిత.

రాహేలు చేతిలోని ఫోను గడప మీద పెట్టింది.

"దాహమేస్తోందని అడిగా. నీకు అర్థమైందా?"

"అర్థమైంది."

"కోవా?"

"అర్థమైంది. అన్నీ అర్థమైనయ్ బుజ్జీ."

తబిత గొంతు సన్నగా మొదలయింది. "నోరు మారేకొద్దీ నా మాటలు నీకు తెలియకుండా పోయాయి, ఇక ఎప్పటికీ తెలియవు అనుకున్నా. ఆ మందుతో అది కూడా పోయింది అనుకున్నా. నావల్లే పోయింది అనుకున్నా! నేను కావాలన్నా కదా! అందుకే నీకు తెలిసేట్టు ఒక్కొక్క మాటే చెబుతున్నా..."

"బుజ్జీ..." అనబోయింది రాహేలు.

"మాట్లాడబాక!" అని అరిచింది తబిత. బడిసంచి నేలకేసి కొట్టింది. "నా గొంతు ఎట్టా ఎండిపోయిందో తెలుసా నీకు? కూజా పక్కనే ఉంది! కిటికీలోంచి చూస్తావా? కిటికీలో ఏముంది? కోవా లాక్కుంటావా? నాన్న పెడుతుంటే లాక్కుంటావా? దుప్పటి అడిగితే గోడకేసి చూశావు, ఆ ఏసీ చలికి బిగుసుకుపోయి పడుకున్నా. దెయ్యానివా నువ్వు? గోడవతల పిల్లకాయలు నన్ను వెక్కిరించినప్పుడు, పోనీలే మా అమ్మకు తెలుసు అనుకునేదాన్ని. ఇంకెవరున్నారు నాకు? ఆ రోజు నేను పొమ్మంటే పోయావు, తిరిగి చూడకుండా పోయావు..."

ఆగలేదు. ఒకదాని మీద ఒకటి, ఊపిరి కూడా పీల్చకుండా, కట్ట తెగినట్టు వచ్చిపడుతున్నాయి. ఎన్నాళ్ళుగా దాచిపెట్టుకున్నవో. ప్రతి 'క' ముల్లులా గుచ్చుకునేలా, ప్రతి 'ద' సుత్తిలా పడేలా. మార్తమ్మ గోడ మీంచి తల పెట్టి చూసింది. ఆమెకు కూడా ప్రతి ముక్కా అర్థమై, మొహం తిప్పుకుని లోపలికి పోయింది.

రాహేలు గడప మీంచి లేచి వచ్చి, కూతురి ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆ పిల్ల మొహంలోకి చూస్తూ విన్నది. సంజాయిషీ ఒక్కటి చెప్పలేదు. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి ఇగిరిపోతోంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తలేదు.

ఊపిరి కోసం తబిత ఒక్క క్షణం ఆగింది.

"ఇంకా?" అంది రాహేలు.

తబిత మోచేత్తో ముక్కు తుడుచుకుని, తల్లి ఎదురుగా తనూ కూలబడింది.

"ఇంకా ఉంది," అంది.